రైల్వే మెన్ నుంచి అడోలసెన్స్ దాకా: ఈ మధ్య మా ఇంట్లో చూసినవి

'ది రైల్వే మెన్' వెబ్ సిరీస్ మొదలైన పావుగంటకి నాన్న నా చేతిలోంచి రిమోట్ తీసుకుని ఆపేశారు. తెర మీద భోపాల్ స్టేషన్ మాస్టర్ గది. గోడ గడియారం, ఫోన్లు, బల్ల మీద రిజిస్టర్లు. ఆయన లేచి టీవీ దగ్గరికెళ్లి, కళ్లజోడు సర్దుకుని ఆ బల్లని కాసేపు చూసి, "పర్లేదమ్మా, తెలిసినవాళ్లని పక్కన పెట్టుకునే తీసినట్టున్నారు" అని వచ్చి కూర్చున్నారు. నాన్న వాల్తేరు డివిజన్‌లో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో సగం రాత్రి డ్యూటీలే. ఆ రోజు నాలుగు ఎపిసోడ్లూ ఒకే బిగిన చూసేశాం. నేను రెండున్నరకి పడుకున్నాను, ఆయన గదిలో లైటు తెల్లారేదాకా వెలుగుతూనే ఉంది.

ఈ రెండు మూడేళ్లలో మా ఇంట్లో చూసినవి చాలానే ఉన్నాయి. వాటి గురించి రాద్దామని కూర్చుని ఒక్కోటీ గుర్తు తెచ్చుకుంటుంటే నాకే ఒక సంగతి తట్టింది. నాకు బాగా నచ్చినవన్నీ మనిషి చేసే పనిని దగ్గర నుంచి చూపించినవే. టిక్కెట్టు కొట్టడం, లెక్క రాయడం, ఏనుగు పిల్లకి తిండి పెట్టడం, ఏదైనా సరే, ఆ పని చేసే చేతులు కనబడితే ఆ మనిషిని నమ్మేస్తాను. పని చూపించకుండా ఎంత పెద్ద డైలాగ్ చెప్పించినా నాకు ఎక్కదు. అందుకే కింద రాసినవన్నీ ఆ ఒక్క కొలతతో రాసినవి. కథ, కెమెరా, మ్యూజిక్ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు.

రైల్వే మెన్ 2023 నవంబర్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. డైరెక్టర్ శివ్ రవైల్. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీలో ట్యాంకులోకి నీళ్లు చేరి దాదాపు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ గాలిలో కలిసిన రాత్రి, దగ్గర్లోనే ఉన్న రైల్వే స్టేషన్‌లో డ్యూటీలో ఉన్నవాళ్ల కథ ఇది. కే కే మీనన్ వేసిన స్టేషన్ మాస్టర్ పాత్రకి ఆధారం గులామ్ దస్తగీర్ అనే డిప్యూటీ స్టేషన్ సూపరింటెండెంట్. ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీద జనంతో నిండి ఉన్న గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్‌ని, పైనుంచి ఆర్డర్ రాకుండానే, టైమ్ కంటే ముందే పంపించేశాడాయన. చూసేవాళ్లకి ఇది మామూలు విషయంలా అనిపించవచ్చు, రైలు త్వరగా కదిలింది, అంతే కదా అని. నాన్న మాత్రం ఇక్కడ మళ్లీ ఆపారు. ప్యాసింజర్ బండి ఆలస్యంగా వెళ్తే వంద కారణాలు రాయొచ్చు, టైమ్ కంటే ముందు వెళ్తే రాయడానికి ఒక్క కారణం కూడా ఉండదు, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే బుర్రలోకి ఎక్కించే పాఠం అది అన్నారు. "అతను ఆ క్షణంలో ఉద్యోగం వదిలేసుకున్నాడమ్మా. ఉద్యోగం వదిలేసుకుని డ్యూటీ చేశాడు." నేను నాలుగు ఎపిసోడ్లలో విన్న ఏ డైలాగూ ఈ మాటకి సాటిరాలేదు.

ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి బండి వదలాలంటే ఏం చేస్తారో ఆ రాత్రే నాకు వివరంగా చెప్పారు. అవతలి స్టేషన్‌ని అడగాలి, అవతలివాళ్లు లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చన్న అనుమతి ఇవ్వాలి, అవసరమైన చోట ప్రైవేట్ నంబర్ అని ఒకటి చెప్పుకోవాలి, ఆ నంబర్ ఇద్దరూ రిజిస్టర్‌లో రాసుకోవాలి. ఆ నంబర్ రాసి ఉంటేనే మాట ఇచ్చినట్టు. సింగిల్ లైన్ స్టేషన్లలో అయితే పెద్ద రింగుకి సంచి కట్టి, అందులో బంతిలా ఉండే టోకెన్ పెట్టి, కదిలే ఇంజిన్‌లో ఉన్న డ్రైవర్‌కి పాయింట్స్‌మన్ అందించేవాడు. ఇంత కట్టుదిట్టంగా నడిచే వ్యవస్థలో ఫోన్లు పనిచేయక, అవతలి స్టేషన్ పలకక, వస్తున్న బండిని ఆపలేక నిలబడిన మనిషి పరిస్థితి ఏమిటో ఇవి తెలిశాక నాకు అర్థమైంది. సిరీస్‌లో టెన్షన్ అంతా అక్కడే ఉంది, విషవాయువు పొగ చూపించిన చోట కన్నా ఎక్కువగా.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. కానిస్టేబుల్ వేషంలో వచ్చే దొంగ పాత్ర ఒకటి పెట్టారు. దివ్యేందు బాగా చేశాడు, నటన మీద ఫిర్యాదు లేదు, కానీ స్టేషన్ డబ్బు కొట్టేయడానికి వచ్చి మనసు మార్చుకునే దొంగ ఆ రాత్రికి అవసరమా? గోరఖ్‌పూర్ ఎక్స్‌ప్రెస్‌లో సిక్కు తల్లీకొడుకుల కథ, మాధవన్ జనరల్ మేనేజర్‌గా రిలీఫ్ బండి తీసుకురావడం, ఇవన్నీ చేరేసరికి మూడో ఎపిసోడ్‌లో స్టేషన్ మాస్టర్ గదిలోంచి చాలాసేపు బయటికి వచ్చేస్తాం. నాకైతే ఆ గదిలోనే ఉండిపోవాలని ఉండింది. కొత్తగా చేరిన కుర్రాడిగా బాబిల్ ఖాన్ మాత్రం ఎక్కడా అతి చేయలేదు, ఎవరి ప్రాణం ముందు కాపాడాలో తెలియక అటూ ఇటూ చూసే చూపు ఉంది చూడండి, అది నేర్పిస్తే వచ్చేది కాదు.

మేం విశాఖ గోపాలపట్నంలో ఉంటాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు బయటికొచ్చిన రోజు మా తలుపు కొట్టి లేపింది పక్కింటి అబ్బాయి. నాన్న తువ్వాలు తడిపి నా మూతికి కట్టారు, ఇంకోటి అమ్మకి. సింహాచలం వైపు నడుస్తుంటే రోడ్డు పక్కన ఆవులు పడిపోయి ఉన్నాయి. ఆ ప్రమాదంలో 12 మంది పోయారు. రైల్వే మెన్‌లో జనం గుడ్డలు ముఖానికి అడ్డం పెట్టుకుని పరిగెత్తే చోట నేను తల తిప్పుకున్నాను, నాన్న తిప్పుకోలేదు. మా ప్రాంతం వాళ్లెవరైనా చూడాలనుకుంటే ఈ విషయం ముందే తెలుసుకుని చూడండి.

రెండోది 'మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్' అనే టీవీ డ్రామా. 2024 జనవరి 1 నుంచి వరసగా నాలుగు రాత్రులు బ్రిటన్‌లో ఐటీవీ చానల్‌లో వచ్చింది. మా చెల్లి అక్కడే ఉంటుంది, క్రిస్మస్ సెలవులకి వెళ్లి ఉన్నాను కాబట్టి అక్కడి జనంతో పాటే చూసే అవకాశం దొరికింది. మొదటి రాత్రి నేనూ చెల్లీ ఇద్దరమే చూశాం. రెండో రాత్రికి పక్కింటి పెద్దావిడ వచ్చి మాతో కూర్చుంది, మూడో రాత్రి ఆవిడ కేక్ కూడా పట్టుకొచ్చింది గానీ ఎవరం ముట్టుకోలేదు.

అక్కడ ఊళ్లలో పోస్టాఫీసు అంటే చాలాచోట్ల ఒక చిన్న దుకాణంలో ఒక కౌంటర్. నడిపేవాళ్లని సబ్ పోస్ట్‌మాస్టర్ అంటారు. 1999 నుంచి వాళ్ల లెక్కలన్నీ హొరైజన్ అనే కంప్యూటర్ సిస్టమ్‌లోకి ఎక్కించారు, తయారుచేసింది ఫుజిట్సు. ఆ సిస్టమ్‌లో తప్పులుండటం వల్ల లేని తేడాలు చూపించింది. తేడా సొమ్ము సొంత జేబులోంచి కట్టమన్నారు, కట్టలేనివాళ్ల మీద దొంగతనం కేసులు పెట్టారు. 900 మందికి పైగా దోషులుగా తేలారు, కొందరు జైలుకెళ్లారు. ఇల్లు పోయినవాళ్లు, ప్రాణం తీసుకున్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లలో మన దేశపు మూలాలున్న కుటుంబాలు చాలా ఉన్నాయి, ఎందుకంటే ఇంగ్లండ్‌లో వీధి మూల చిన్న దుకాణాలు నడిపేవాళ్లలో వాళ్లు చాలామంది. డ్రామాలో అలాంటి ఒక పంజాబీ దంపతుల కథ కూడా ఉంది.

నాకు ఇప్పటికీ కళ్లలోంచి పోని దృశ్యం జో హామిల్టన్‌ది. మోనికా డోలన్ వేసింది ఆ పాత్ర. పల్లెటూరి దుకాణం, కేకులు చేసే ఇల్లాలు, సాయంత్రం లెక్క చూసుకుంటే రెండు వేల పౌండ్ల తేడా. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తుంది. అవతల మనిషి ఇది నొక్కు, అది నొక్కు అంటుంటే ఈవిడ ఒక్కో మీటా చూసుకుని జాగ్రత్తగా నొక్కుతుంది. చివరి మీట నొక్కగానే తేడా నాలుగు వేలవుతుంది, ఆవిడ కళ్ల ముందే. అరుపుల్లేవు, మ్యూజిక్ కూడా లేనట్టే ఉంటుంది, తెర మీద ఒక అంకె మారుతుంది అంతే. మా చెల్లి నా చెయ్యి పట్టుకుంది. మా చిన్నమ్మ ఒక సహకార సంఘంలో క్యాషియర్‌గా చేసింది. సాయంత్రం లెక్క కుదరకపోతే పైసలతో సహా మూడుసార్లు కూడి, అప్పటికీ కుదరకపోతే తన పర్సులోంచి తీసి వేసి, ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకునేది. మర్నాడు ఆ తేడా ఎక్కడో దొరికేది, కూడికలో ఒకటి ఎత్తుబడి మర్చిపోయి ఉండేది. ఆవిడకి కాగితం ఉంది, మళ్లీ కూడుకోవచ్చు. జో హామిల్టన్‌కి మళ్లీ కూడుకోవడానికి ఏమీ లేదు. మెషీన్ చెప్పిందే లెక్క.

ఇంకో దెబ్బ ఏమిటంటే ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ "ఈ సమస్య మీ ఒక్కరికే" అని చెప్పారు. అందరికీ అదే మాట. వాళ్లలో ఒక సబ్ పోస్ట్‌మాస్టర్ అయిన ఆలన్ బేట్స్ చేసిన మొదటి పని ఆ ఒక్కళ్లందరినీ ఒక ఊరి హాల్లో పోగేయడం. టోబీ జోన్స్ ఆ పాత్రని గొంతు పెంచకుండా చేశాడు. కాగితాలు దాచుకునే మనిషి, ఫైళ్ల మనిషి. హీరో అంటే ఫైళ్లు సర్దుకునే మనిషి కూడా కావచ్చని ఒక నాలుగు గంటల డ్రామా నమ్మించింది. దీని ప్రభావం అప్పుడే కళ్లారా చూశాను. పోస్టాఫీసు మాజీ పెద్ద పౌలా వెనెల్స్‌కి ఇచ్చిన బిరుదు వెనక్కి తీసుకోవాలన్న పిటిషన్ మీద పది లక్షల మందికి పైగా సంతకాలు పెట్టారు, జనవరి 9న ఆవిడే తిరిగిచ్చేస్తానని ప్రకటించింది. మే నెలలో ఆ శిక్షలు రద్దు చేస్తూ పార్లమెంటు చట్టం చేసింది. పాత్రికేయులు ఏళ్ల తరబడి రాస్తూ వచ్చిన విషయమే ఇదంతా. డ్రామాలో చూసేసరికి జనానికి గుండెకి తగిలింది. ఐదుకి ఐదు ఇస్తాను, ఇంకో మాట లేదు.

ఇప్పుడు మన తెలుగుకి వస్తాను. 'సివరపల్లి' 2025 జనవరిలో ప్రైమ్‌లో వచ్చింది, హిందీ 'పంచాయత్'కి రీమేక్. రాగ్ మయూర్ పంచాయతీ కార్యదర్శి, మురళీధర్ గౌడ్ సర్పంచ్ భర్త. నటుల్ని చూస్తే మనసు నిండిపోతుంది, ముఖ్యంగా మురళీధర్ గౌడ్ మాట్లాడుతుంటే ఆ తెలంగాణ యాసలో ఒక్క అక్షరం కూడా అతికించినట్టు ఉండదు. రాగ్ మయూర్ ముఖంలో ఆ విసుగు, దాని కింద నలుగుతున్న భయం రెండూ కనిపిస్తాయి. ఇంత బాగా చేసే మనుషుల్ని పెట్టుకుని మళ్లీ ఉత్తరప్రదేశ్‌లో ఫులేరా ఊరి కథనే నడిపించారన్నది నా బాధ. పంచాయత్ నేను అప్పటికే రెండుసార్లు చూశాను. ఏ సీన్ తర్వాత ఏ సీన్ వస్తుందో, ఏ మాట తర్వాత ఎవరు అలుగుతారో తెలిసిపోతూనే ఉంది. ఊరి పేరు మారింది, యాస మారింది, పని మాత్రం మారలేదు.

పని మారాలి కదా? మా ఎదురు ఫ్లాట్ వాళ్ల అల్లుడు సిద్దిపేట జిల్లాలో పంచాయతీ కార్యదర్శి. 2018లో తెలంగాణ ప్రభుత్వం 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శి పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రాసి, మరుసటి ఏడాది చేరినవాడు. పండక్కి వచ్చినప్పుడు సివరపల్లి గురించి అడిగాను. "బాగుంది ఆంటీ, కానీ ఆ సెక్రటరీకి అంత ఖాళీ ఎట్ల దొరికిందో" అన్నాడు. ఇతనికి పొద్దున్నే వీధులు ఊడ్చిన ఫొటోలు యాప్‌లో ఎక్కించడంతో రోజు మొదలవుతుంది. ఊరి నర్సరీలో మొక్కలు ఎన్ని బతికాయి, చెత్త ట్రాక్టర్‌కి డీజిల్ ఉందా, డంపింగ్ యార్డు, వైకుంఠధామం అనే ఊరి శ్మశానం, ఇంటి పన్ను వసూలు, ఉపాధి హామీ కూలీల హాజరు మస్టర్లు. ఎండాకాలంలో మొక్కలు ఎండిపోతే మెమో వస్తుందని రాత్రి పూట బైకు వేసుకుని వెళ్లి నీళ్లు పోశారా లేదా అని టార్చి వేసి చూసుకునేవాడట. టార్చి వెలుగులో మొక్కలు లెక్కపెట్టుకునే కుర్రాడు! ఈ ఒక్క దృశ్యం సివరపల్లిలో ఉండి ఉంటే దాని స్థాయి వేరుగా ఉండేది. మహిళా సర్పంచ్ బదులు భర్త పెత్తనం చేయడం మనకీ ఉన్నదే, కానీ మన దగ్గర స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లకి కేటాయించాక కుర్చీలో కూర్చుని పని నేర్చుకున్న సర్పంచులు కూడా బోలెడంత మంది ఉన్నారు. వాళ్ల కథ ఎప్పుడు రాస్తారు?

పంచాయత్ మొదటి సీజన్‌కి ఇప్పటికీ నా ఓటు ఉంది, ఆఫీసు తాళం చెవి పోయిందని ఊరంతా తిప్పించే మొదటి ఎపిసోడ్ దగ్గర నుంచి. నాలుగో సీజన్ మాత్రం ఎన్నికల గొడవలో పడి ఆఫీసునే మర్చిపోయింది.

నిజంగా అడుగుతున్నాను, మన రచయితలకి మన చుట్టూ పనులే కనబడటం లేదా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా విశాఖలో నిలబడిన కరెంటు స్తంభం వెతుక్కోవాల్సిన పరిస్థితి. వేరే జిల్లాల నుంచి, వేరే రాష్ట్రాల నుంచి లైన్‌మన్‌లు వచ్చి రాత్రింబవళ్లు స్తంభాలు ఎత్తారు. మా వీధిలో పనిచేసినవాళ్లకి మేడ మీద గ్యాస్ పొయ్యి పెట్టి పులిహోర కలిపి పెట్టాం, చేతులకి అంటిన గ్రీజు పోక ఆకు మీదే స్పూన్‌తో తిన్నారు. గోదావరిఖనిలో మొదటి షిఫ్ట్‌కి దిగే సింగరేణి కార్మికుడు ల్యాంప్ రూమ్ దగ్గర దీపం తీసుకుని బిళ్ల అప్పగించే చోటు నుంచి ఒక సిరీస్ మొదలుపెట్టండి, నేను చూస్తాను, నాలాంటివాళ్లు లక్షల మంది చూస్తారు.

'90స్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్' గురించి అందరూ ఇప్పటికే మాట్లాడేశారు కాబట్టి కొంచెమే చెప్తాను. 2024 సంక్రాంతి ముందు ఈటీవీ విన్‌లో వచ్చింది, ఆదిత్య హాసన్ తీశాడు. శివాజీ లెక్కల మాస్టారు. నేను కూడా టీచర్నే, ఆ చొక్కా, ఆ నడక, ఇంటికొచ్చాక కూడా పోని ఆ క్లాస్‌రూమ్ గొంతు చూసి మా స్టాఫ్‌రూమ్‌లో కనీసం ముగ్గురు గుర్తొచ్చారు. కానీ నా ఓటు వాసుకి వేసిన రాణి పాత్రకి. ఉప్మా మీద పిల్లల గొడవ చూసి అందరూ నవ్వుకున్నారు గానీ, నెలాఖరులో ఇంట్లో ఉన్న సరుకుతో నాలుగు కడుపులు నింపాల్సినావిడ లెక్క మాస్టారు గారి లెక్క కన్నా కష్టమైనది. మా అమ్మ కార్తీకదీపం సీరియల్ ఐదేళ్లకి పైగా వదలకుండా చూసింది, ఎందుకని అడిగితే "ఆ పిల్ల వంట చేసి తన కాళ్ల మీద తను నిలబడిందే" అనేది. వంటలక్క అన్న పేరు జనం నోట్లో నిలిచిపోవడానికి కారణం అదేనని నా నమ్మకం. తర్వాత తర్వాత గతం మర్చిపోవడాలూ కుట్రలూ వచ్చి ఆ గరిట కనబడకుండా పోయింది, అమ్మకి కూడా అప్పటి నుంచే మోజు తగ్గింది.

డాక్యుమెంటరీల్లో 'మోడర్న్ మాస్టర్స్: ఎస్.ఎస్. రాజమౌళి' మీద చాలా ఆశ పెట్టుకుని చూశాను, 2024 ఆగస్టులో వచ్చింది. గంటా పావు దాకా ఉంటుంది. ప్రభాస్, ఎన్టీఆర్, రామ్ చరణ్, హాలీవుడ్ నుంచి జేమ్స్ కామెరాన్ కూడా మాట్లాడారు. అందరూ ఎంతో గౌరవంగా మాట్లాడారు, అది ఆయనకి దక్కాల్సిందే. కానీ ఈటీవీలో శాంతి నివాసం సీరియల్ తీసిన రోజుల నుంచి ఈ మనిషి పని ఎలా నేర్చుకున్నాడు, ఒక షాట్‌ని నలభైసార్లు ఎందుకు తీయిస్తాడు, ఎడిటింగ్‌లో ఏది కోసి పారేస్తాడు అనేది నాకు కావాలి. నటులకి సీన్ తనే చేసి చూపించే క్లిప్పులు కొన్ని ఉన్నాయి, అవి వచ్చినప్పుడల్లా ముందుకి జరిగి కూర్చున్నాను. అంతలోనే మళ్లీ ఎవరో ఒకరు కుర్చీలో కూర్చుని పొగుడుతూ వచ్చేస్తారు. మూడు ఇస్తాను.

'ది ఎలిఫెంట్ విస్పరర్స్' మీరు చూసే ఉంటారు, నాటు నాటుకి ఆస్కార్ వచ్చిన రాత్రే దీనికీ వచ్చింది. అయినా రాస్తున్నాను, ఎందుకంటే చాలామంది ఏనుగు పిల్ల ముద్దుగా ఉందని చెప్పి వదిలేస్తున్నారు. నీలగిరుల్లో ముదుమలై దగ్గర తెప్పకాడు ఏనుగుల శిబిరం. బొమ్మన్, బెల్లి అనే కట్టునాయకర్ దంపతులు తల్లి పోయిన రఘు అనే పిల్లని సాకుతారు, తర్వాత అమ్ము అని ఇంకోటి వస్తుంది. నలభై నిమిషాలే. కార్తికీ గొన్సాల్వెస్ ఏళ్ల తరబడి అక్కడే తిరిగి తీసిందంటారు, చూస్తే నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే కెమెరా పక్కన ఉందన్న స్పృహే ఆ ఇద్దరిలో లేదు. బెల్లి మొదటి భర్తని పులి చంపింది, అడవి అంటే ఆవిడకి ఉన్న భయం అక్కడిది. కూతురు కూడా పోయింది. ఆ దుఃఖం గురించి ఆవిడ రెండు మాటలే చెబుతుంది, చెబుతున్నంతసేపూ చేతులు మాత్రం ఏనుగు పిల్ల ఒళ్లు నిమురుతూనే ఉంటాయి. బొమ్మన్ ముద్ద చేసి నోట్లో పెట్టడం, అది సగం కింద పారేయడం, మళ్లీ తీసి పెట్టడం. అన్నం తినని చంటిపిల్లతో అమ్మలు పడే పాటే అది.

మన పార్వతీపురం మన్యంలో ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు తిరుగుతున్నాయి, చిత్తూరు వైపు కుప్పం, పలమనేరు రైతులకి ఆ బాధ ఎప్పటి నుంచో ఉంది. 2025 మేలో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులు, అంటే అడవి ఏనుగుల్ని తరమడానికి తర్ఫీదు ఇచ్చినవి, తెచ్చుకున్నాం. వాటితో పనిచేసే మావటీలు, రాత్రిళ్లు పొలాల దగ్గర కాపలా కాసే రైతులు, ట్రాకర్లు, ఈ ముగ్గురి మధ్య జరిగేది ఎవరైనా తెలుగులో తీస్తే బాగుంటుంది. ముదుమలైలో ప్రేమ కథ దొరికింది, మన్యంలో దొరికేది భయమూ ప్రేమా కలిసిన కథ.

చివరగా 'అడోలసెన్స్'. 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, నాలుగు ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్ మొత్తం ఒకే షాట్. కట్ అనేదే ఉండదు. పదమూడేళ్ల జేమీని తెల్లవారుజామున పోలీసులు తలుపు బద్దలుకొట్టి అరెస్ట్ చేయడంతో మొదలవుతుంది, క్లాస్‌మేట్ అమ్మాయిని పొడిచి చంపాడని. నేను ఎనిమిదో తరగతికి సైన్స్ చెప్తాను. అంటే రోజూ నా ముందు కూర్చునే నలభై రెండు మందీ జేమీ వయసువాళ్లే. రెండో ఎపిసోడ్‌లో స్కూలు చూపిస్తారు, ఆ గోల, ఎవరూ ఎవరి మాటా వినని ఆ కారిడార్లు, పిల్లలు ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న ఎమోజీలకి అర్థమేంటో పోలీసాయన సొంత కొడుకు నాన్నకి చెప్పాల్సి రావడం. నేను వెంటనే మా క్లాసు పిల్లల గురించే ఆలోచించాను, వాళ్లు పంపుకునే రంగురంగుల గుండె బొమ్మల్లో ఏది ఏమిటో నాకు ఒక్కటీ తెలియదు. మర్నాడు క్లాసు అయ్యాక ఇద్దరమ్మాయిల్ని కూర్చోబెట్టి అడిగాను. ముందు నవ్వారు, తర్వాత చెప్పడం మొదలుపెట్టారు, గంట మోగినా లేవలేదు.

మూడో ఎపిసోడ్ దాదాపు మొత్తం ఒకే గది. సైకాలజిస్ట్, జేమీ, మధ్యలో బల్ల. ఆవిడ వాడి కోసం హాట్ చాక్లెట్ తెస్తుంది, తన శాండ్‌విచ్‌లో సగం ఇస్తుంది. వాడికి అది ఇష్టం లేదు, అయినా ఒక ముక్క కొరుకుతాడు. చిన్నపిల్లాడు అనిపిస్తాడు ఒక నిమిషం, మరుసటి నిమిషం లేచి నిలబడి అరుస్తుంటే ఆ గదిలో పెద్ద మగవాడు ఉన్నట్టు భయమేస్తుంది. ఓవెన్ కూపర్‌కి ఇదే మొదటి పాత్ర, పదిహేనేళ్లకే ఎమ్మీ ఇచ్చారు. చివర్లో వాణ్ణి తీసుకెళ్లిపోయాక ఆవిడ ఒక్కతే మిగిలి, కొరికి వదిలేసిన ఆ సగం శాండ్‌విచ్ తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కుంటుంది. అక్కడ ఎరిన్ డోహర్టీ చేసింది నటన అని నాకు ఇప్పటికీ అనిపించడం లేదు. అంతసేపూ ఆవిడ తన పని తను చేసింది, గొంతు వణకనివ్వలేదు, ప్రశ్న వదల్లేదు. పని అయిపోయింది అనుకున్న క్షణంలో మనిషి బయటికొచ్చింది.

పిల్లలతో కలిసి చూడొచ్చా అని అడుగుతున్నారు. పద్నాలుగు దాటినవాళ్లతో అయితే చూడండి, కానీ పక్కనే కూర్చుని చూడండి, ఫోన్ ఇచ్చి గదిలోకి పంపకండి. నేను ఇంగ్లీషులోనే సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూశాను, ఉత్తర ఇంగ్లండ్ యాస కాబట్టి సబ్‌టైటిల్స్ లేకపోతే కష్టం. మా స్టాఫ్‌రూమ్‌లో ఐదుగురు చూశారు. మా లెక్కల మాస్టారు రెండో ఎపిసోడ్ తర్వాత చూడలేకపోయానని చెప్పారు, వాళ్లబ్బాయి తొమ్మిదో తరగతి.

నాన్న కూడా నాతో మొదలుపెట్టారు. నాలుగో ఎపిసోడ్‌లో జేమీ తండ్రి వ్యాను మీద ఎవరో తిట్టు రాసిపోతారు. ఆయన ప్లంబర్, ఆ వ్యానే ఆయన బతుకు. అది ఆయన పుట్టినరోజు. బకెట్‌లో సబ్బు నీళ్లు కలుపుకుని తుడుస్తాడు, పోదు. దాని మీద కొట్టడానికి పెయింట్ కొనుక్కుందామని భార్యనీ కూతుర్నీ అదే వ్యానులో ఎక్కించుకుని షాపుకి బయల్దేరతాడు. ఆ షాపు సీన్ దాకా వచ్చాక నాన్న లేచి నీళ్లు తాగడానికి వెళ్లి చాలాసేపటి దాకా రాలేదు. వచ్చాక, "మిగతాది ఆదివారం చూద్దాంలే అమ్మా" అన్నారు. రెండు ఆదివారాలు గడిచాయి, ఇంకా చూడలేదు.